అక్టోబరు చివర్లో కావాలని భయపడేవాళ్లకి: దెయ్యాల సినిమాలు, పుస్తకాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా పందిళ్లు విప్పేసి, మతాబుల కోసం పిల్లలు పేచీ మొదలుపెట్టే రోజుల్లో నాకు ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. అమెరికాలో ఉన్న మేనల్లుడు, విజయనగరంలో డిగ్రీ చదివే పక్కింటమ్మాయి, టెక్కలిలో ఉన్న మా వదిన, అందరిదీ ఒకటే మాట: మంచి దెయ్యం సినిమా చెప్పు, పుస్తకమైనా సరే. విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఇష్టాలు నావి. మీకు వేరే ఇష్టాలుంటే వాదించుకుందాం.

మన శ్రీకాకుళం, విజయనగరాల్లో హాలోవీన్ ఏటండీ?

హాలోవీన్ అక్టోబరు 31 రాత్రి. పాతకాలపు ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ చేసుకునే సాహిన్ అనే పండగ నుంచి వచ్చిందంటారు. ఆ రాత్రి చచ్చిపోయినవాళ్ల ఆత్మలు ఇళ్లవైపు వస్తాయని వాళ్ల నమ్మకం. తర్వాత క్రైస్తవంలో నవంబరు 1 సకల పునీతుల పండగ కావడంతో, దాని ముందురాత్రికి ఈ పేరు వచ్చింది. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టేవారు. అమెరికాకి వలస వెళ్లాక అక్కడ గుమ్మడికాయలు చవకగా, పెద్దగా దొరికాయి కాబట్టి అవి వచ్చాయి.

మనకి ఆ పండగ లేదు, ఉండాలని కూడా నేననను. కానీ ఆ రోజులు మాత్రం మనకీ ఉన్నాయి. దసరాకి ముందు మహాలయ పక్షంలో పెద్దలకి తర్పణాలు వదులుతాం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. దీపావళి అమావాస్య సాయంత్రం గోగుకాడలకి వత్తులు కట్టి వెలిగించి, దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి అంటూ పిల్లలు నేలకేసి కొడతారు. ఆ వెలుగు పైలోకాలకి వెళ్లే పెద్దలకి దారి చూపడానికేనని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. చీకటి రాత్రి, చిన్న దీపం, పోయినవాళ్ల తలపు ఇక్కడా ఉన్నాయి. కాబట్టి అక్టోబరు చివర్లో దెయ్యం కథ వినాలనిపిస్తే అది అరువు సరదా అనుకోనక్కర్లేదు.

ఇంతవరకు ఒక్క దెయ్యం సినిమా కూడా చూడలేదు. దేనితో మొదలుపెట్టాలి?

తెలుగుతోనే మొదలుపెట్టండి. కొత్తవాళ్లు నేరుగా హాలీవుడ్‌కి వెళ్లి, పెద్ద చెక్క మేడ, నేలమాళిగ, శిలువ, లాటిన్ మంత్రాలు చూసి, "ఏముంది ఇందులో" అని తీసిపారేస్తారు. మరి భయం ఎలా వేస్తుంది? అలాంటి ఇంట్లో మనం ఎప్పుడూ పడుకోలేదు కదా. దొడ్లో నుయ్యి, మేడమెట్ల కింద సామాన్ల గది, ఊరి చివర చింతచెట్టు, కరెంటు పోయినప్పుడు ఆగిపోయే ఫ్యాను మనకి తెలిసినవి. భయం వాటిలోంచి వస్తేనే పని చేస్తుంది. ఈ కింద చెప్పే తెలుగువన్నీ ఈ కొలతతోనే ఎంచాను.

మొదటి సినిమాగా అయితే "అరుంధతి" (2009). కోడి రామకృష్ణ దర్శకత్వం, అనుష్క, పశుపతిగా సోనూ సూద్, అతనికి రవిశంకర్ గొంతు. దీన్ని చూసి రాత్రంతా మేలుకునేవాళ్లు తక్కువే. ఇది భయపెట్టే సినిమా కన్నా పగ తీర్చుకునే సినిమా. అయితే పాత కోట, సమాధి, జేజమ్మ అన్నీ మనవే కాబట్టి కళ్లు తిప్పుకోలేరు. కథ గద్వాల సంస్థానంలో జరిగినా, తెరమీద కనిపించే ఆ పాడుబడ్డ కోట కర్నూలు వైపు బనగానపల్లెలోది. ఇప్పుడు జనం దాన్ని అరుంధతి కోట అనే పిలుస్తున్నారు.

అందరూ రామ్ గోపాల్ వర్మ "రాత్రి" అంటారు. అంత గొప్పా?

నా లెక్కలో తెలుగులో దానికి సాటి ఇంకా రాలేదు. 1992లో వచ్చింది, హిందీలో "రాత్" పేరుతో. రేవతి ప్రధాన పాత్ర, ఓంపురి మాంత్రికుడు, మణిశర్మ నేపథ్య సంగీతం. కథ చెప్పుకుంటే గుప్పెడు కూడా లేదు. ఒక మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంట్లోకి దిగుతుంది, ఆ ఇంట్లో ముందే ఎవరో ఉన్నారు. అంతే.

గొప్పతనమంతా కెమెరాలో ఉంది. మామూలు సినిమాలో కెమెరా మనుషుల వెంట నడుస్తుంది. ఇందులో ఎవరూ లేని చోట కూడా అది కదులుతుంది, నేలకి దగ్గరగా, మెల్లగా, గుమ్మాలు దాటుకుంటూ. చూస్తున్నది ఎవరు అన్న అనుమానం మనకి రావాలి, అదే వర్మకి కావాలి. ఇంటి కింద సెల్లార్ కనిపించినప్పుడల్లా గమనించండి, అక్కడ పెద్దగా ఏమీ జరగదు. ఏమీ జరగనంతసేపూ మన వీపు మీద చెమట పడుతుంది. రేవతి నటన ఇంకో కారణం. ఆమె దెయ్యం పట్టినట్టు అరవక ముందే, మామూలుగా అన్నం తింటున్నప్పుడే, కళ్లలో ఏదో తేడా కనిపిస్తుంది.

వర్మదే "దెయ్యం" (1996) కూడా ఉంది. జయసుధ, జె.డి. చక్రవర్తి, మహేశ్వరి. శ్మశానం పక్కన ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందన్నది కథ. "రాత్రి"కి ఒక మెట్టు కిందే, అయినా ఒక్కరే ఉన్నప్పుడు చూడకండి. ఆ తర్వాత వర్మ తీసిన దెయ్యాల సినిమాల గురించి నన్ను అడగొద్దు.

"చంద్రముఖి" దెయ్యం సినిమాయేనా?

కాదు, కాబట్టే బాగుంటుంది. దీనికి మూలం 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన "మణిచిత్రతాళ్". శోభనకి ఆ సినిమాకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. కన్నడంలో "ఆప్తమిత్ర" అయ్యి, 2005లో రజనీకాంత్, జ్యోతికలతో "చంద్రముఖి"గా మన దగ్గరికి వచ్చింది. అన్నిటిలోనూ దెయ్యం ఉన్నట్టే ఉండి చివరికి మనసుకి పట్టిన రోగం అని తేలుతుంది. రజనీ సినిమా పండగలా ఉంటుంది. భయం కావాలంటే మాత్రం మలయాళమే చూడాలి. ఇంగ్లిషు అక్షరాలు చదువుకుంటూ చూసినా సరే.

"తులసీదళం" ఇప్పుడు చదివినా భయమేస్తుందా?

వేస్తుంది, కానీ మన అమ్మలకి వేసిన భయం కాదు.

యండమూరి వీరేంద్రనాథ్ దీన్ని ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా రాశారు, 1980 ప్రాంతంలో. ఆ రోజుల్లో చదివినవాళ్లని అడిగి చూడండి. వారం వారం పత్రిక కోసం ఎదురుచూడటం, ఇంట్లో ముందు ఎవరు చదవాలన్న గొడవ, చదివాక దొడ్లోకి వెళ్లడానికి తోడు పిలవడం, ఈ కథలే చెబుతారు. ఒక చిన్నపిల్ల మీద క్షుద్రప్రయోగం జరుగుతుంది. తల్లిదండ్రులు ఒక పక్క డాక్టర్ల దగ్గరికి, ఇంకో పక్క మంత్రాల దగ్గరికి పరిగెడతారు. ఇది చేతబడా, మనసుకి సంబంధించిన జబ్బా అన్నది రెండు వైపులా లాగుతూ నడిపించాడు రచయిత. పాఠకుడికి ఊపిరాడనివ్వనిది ఆ లాగుడే. చేతబడి ఉందని ఖరాఖండిగా చెప్పేస్తే నమ్మనివాడు పుస్తకం మూసేస్తాడు. లేదని చెప్పేస్తే నమ్మేవాడు మూసేస్తాడు. ఇద్దరూ చివరిదాకా చదివారు.

నేటి పాఠకుడికి కొన్ని చోట్ల సాగదీసినట్టు, వైద్యం సంగతులు పాతబడినట్టు అనిపిస్తాయి. అయినా పిల్ల ఒంటికి ఒక్కో లక్షణం మొదలయ్యే పేజీలు ఇప్పటికీ గట్టివే. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు రాత్రిపూట చదవొద్దని నా సలహా. దీని తరవాయి "తులసి". దాని ఆధారంగానే 1986లో "కాష్మోరా" సినిమా వచ్చింది, రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియలతో. నవల చదివినవాళ్లకి సినిమా చాలదు.

ఆ తరవాత కొన్నేళ్లపాటు వారపత్రికల నిండా పుర్రెలు, నిమ్మకాయలే. క్షుద్రసాహిత్యం అని తిట్టినవాళ్లు చాలామంది. ఆ తిట్లలో న్యాయం ఉంది. ఆ సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఇంట్లో గుంటలు కూడా కూర్చుంటామంటున్నారు. ఏం పెట్టాలి?

పదేళ్లలోపు పిల్లలైతే భయం పాలు తక్కువ, వింత పాలు ఎక్కువ ఉండాలి. "పాతాళ భైరవి" (1951) పెట్టండి, నవ్వకండి. నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు కళ్లు తిప్పితే ఇప్పటి పిల్లలూ సోఫా వెనక్కి జరుగుతారు. నలుపు తెలుపు అని మొదట సణుగుతారు, మాంత్రికుడు వచ్చాక ఊరుకుంటారు. కార్టూన్ కావాలంటే "మాన్‌స్టర్స్ ఇంక్" (2001). అందులో భూతాలకి పిల్లలంటే భయం. "కోకో" (2017) మెక్సికో వాళ్లు పోయిన పెద్దల్ని తలుచుకునే పండగ మీద తీసింది. మనవైపు పెద్దలకి పెట్టుకునే సంప్రదాయం తెలిసిన పిల్లలకి ఒక్క మాట వివరించకుండానే అర్థమవుతుంది. చూశాక తాతగారి ఫోటో దగ్గరికి వెళ్లి ప్రశ్నలు అడుగుతారు, జవాబులు సిద్ధం చేసుకోండి.

"కోరలైన్" (2009) బొమ్మల సినిమాయే కదా అని చిన్నపిల్లలకి పెట్టేస్తుంటారు. కళ్ల చోట గుండీలు కుట్టుకున్న ఇంకో అమ్మ ఉంటుందందులో. పన్నెండేళ్లు దాటేదాకా ఆగండి.

చదవడం వచ్చిన పిల్లలకి చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో విక్రమార్కుడు, బేతాళుడు తెలియని తెలుగిల్లు లేదు. ఆ చెట్టు, వేలాడే శవం, కత్తి పట్టుకున్న రాజు, శంకర్ గీసిన ఆ బొమ్మే సగం కథ. బేతాళ కథల అసలు మూలం చాలా పాతది, 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. ఇంకొంచెం పెద్దవాళ్లకి దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్: "తోకచుక్క", "ముగ్గురు మాంత్రికులు", "రాకాసిలోయ". వాటికి చిత్రా బొమ్మలు. పాత సంచికల స్కాన్లు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి, ఫోనులో కాకుండా పెద్ద తెర మీద చూపించండి.

నవ్వించే దెయ్యాలు?

"ప్రేమకథా చిత్రమ్" (2013) తర్వాత ఏడాదికి అరడజను చొప్పున వచ్చాయి. ఒక బంగళా, నలుగురు స్నేహితులు, అందులో ఒకడు పిరికివాడు, ఇంటర్వెల్‌కి దెయ్యం, క్లైమాక్స్‌లో దెయ్యం గతం. ఒకటి చూస్తే మిగతావి చూసినట్టే. "ఆనందో బ్రహ్మ" (2017) మాత్రం తిరగేసింది. మహి వి. రాఘవ్ తీసిన ఈ సినిమాలో భయపడేది దెయ్యాలు. రాఘవ లారెన్స్ "కాంచన" (2011) గోల నాకు పడదు, కానీ అందులో హిజ్రా పాత్రలో శరత్‌కుమార్ కనిపించే భాగం మనసుని పట్టుకుంటుంది. దాని కోసం చూడొచ్చు.

ఈమధ్య వచ్చినవాటిలో?

"మసూద" (2022) ముందు. సాయికిరణ్ దర్శకుడు. సంగీత ఒంటరి తల్లి, తిరువీర్ పక్కింటి కుర్రాడు. తెలుగు సినిమా హీరో అంటే దెయ్యానికే వార్నింగ్ ఇస్తాడు కదా, ఇతను రక్తం చూస్తే బెదిరిపోయే రకం. అతని చెయ్యి వణికితే మన చెయ్యీ వణుకుతుంది. మొదటి అరగంట నెమ్మదిగా పోతుంది, ఫోను చూసుకోకుండా కూర్చోండి. అపార్టుమెంటులో ఉండేవాళ్లకి మరీ బాగా పని చేస్తుంది, గోడ అవతల ఏం జరుగుతోందో తెలియని బతుకే కదా అది.

"విరూపాక్ష" (2023) రుద్రవనం అనే ఊరి కథ. వరసగా చావులు, ఊరి పొలిమేర మూసేసి ఎవరూ బయటికి పోకుండా, లోపలికి రాకుండా కట్టడి. కార్తీక్ దండు దర్శకత్వం, సుకుమార్ స్క్రీన్‌ప్లే. ప్రేమకథ భాగం ఓర్చుకోవాలి. ఊరి దిగ్బంధనం మొదలయ్యాక మాత్రం కుర్చీ వదలరు. అమ్మవారి పండగకి ముందు పొలిమేర కట్టడం చూసిన పల్లెటూరివాళ్లకి ఇది ఇంకో రకంగా తగులుతుంది.

"మా ఊరి పొలిమేర" (2021), దాని రెండో భాగం (2023) చేతబడి మీద. బడ్జెట్ తక్కువని తెలుస్తూనే ఉంటుంది, మలుపులు మాత్రం గట్టివి. సత్యం రాజేష్‌ని కామెడీ వేషాల్లోనే చూసినవాళ్లు నోరెళ్లబెడతారు.

తెలుగు కాకపోయినా తప్పక చూడాల్సినవి రెండు. "తుంబాడ్" (2018), మహారాష్ట్ర పల్లె, ఆగని వాన, బంగారం మీద ఆశ. దాని వానలు మన తుఫాను వానల్లాగే ఉంటాయి. మొదటిసారి వచ్చినప్పుడు జనం పెద్దగా పట్టించుకోలేదు, 2024లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండాయి. రెండోది "భ్రమయుగం" (2024), మమ్ముట్టి. పూర్తిగా నలుపు తెలుపు, దాదాపు అంతా ఒకే పాడుబడ్డ ఇంట్లో, ముఖ్యంగా ముగ్గురే మనుషులు. ఆయన నవ్వుతూ పాచికలు ఆడుతుంటే చాలు.

చేతబడి సినిమాలు చూసి జనం నిజమని నమ్మరా?

నమ్ముతారు. ఇది సరదా ప్రశ్న కాదు, మనవైపు అసలే కాదు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. ఆ అనుమానం ఎక్కువగా పడేది ఒంటరి ముసలివాళ్ల మీద, దిక్కులేని ఆడవాళ్ల మీద. పిల్లాడికి జ్వరం తగ్గదు, దగ్గరలో ఆసుపత్రి ఉండదు, ఎవరో ఒకరి పేరు చెబుతారు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో, పనివాళ్లతో కలిసి ఇలాంటి సినిమా చూస్తే, అయ్యాక పది నిమిషాలు మాట్లాడండి. "ఇది కట్టుకథ" అని పాఠం చెప్పడం కాదు, "మన ఊళ్లో ఎవరి మీదైనా ఇలా పడ్డారా" అని అడగండి, వాళ్లే చెప్పుకొస్తారు. మంత్రగాడిని హీరోని చేసే సినిమా కన్నా అనుమానం ఎలా పాకుతుందో చూపించే సినిమా నాకిష్టం. "విరూపాక్ష"లో ఊరంతా కలిసి ఒక జంటని చెట్టుకి కట్టి తగలబెట్టే ఘట్టమే ఆ సినిమాలో అసలు భయంకరమైనది.

తెలుగు సాహిత్యంలో మన జిల్లాల దెయ్యాలు లేవా?

ఉన్నాయి, వెతకాలి. విజయనగరం గురజాడ అప్పారావు "కన్యాశుల్కం"లోనే ఒకటుంది. లుబ్ధావధాన్లు భయాన్ని సొమ్ము చేసుకోవడానికి పూజారి గవరయ్య దెయ్యాన్ని సీసాలో బిగిస్తాడు. నవ్వుతూ చదివేస్తాం గానీ భూతవైద్యుల వ్యాపారం మీద ఇంత పదునైన దృశ్యం ఆ తర్వాత పెద్దగా రాలేదు. హాలోవీన్ రాత్రి నలుగురు కూర్చుని పాత్రలు పంచుకుని పైకి చదవడానికి దీన్ని మించింది లేదు.

పాత కథలు కావాలంటే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. "యజ్ఞం" రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కేవలం కథల కోసమే పెట్టిన గ్రంథాలయం అది. పాత పత్రికల గుట్టల్లో దెయ్యం కథలు ఎన్నో దాక్కుని ఉన్నాయి. వెబ్‌సైట్‌లోనూ చాలా కథలు పెట్టారు. దెయ్యం, భూతం, శ్మశానం అని పేర్లలో వెతికితే సాయంత్రం గడిచిపోతుంది.

ఇంగ్లిషు పుస్తకాల్లో చిన్నవి, మంచివి చెప్పండి. పెద్దవి చదవలేను.

డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ రాసిన "ది మంకీస్ పా" (1902). అరగంటలో అయిపోతుంది. మూడు కోరికలు తీర్చే ఎండిన కోతి చెయ్యి ఒకటి ఒక ఇంటికి చేరుతుంది. దానికి మంత్రం వేసింది మన దేశపు ఫకీరట, ఇండియాలో పని చేసిన సైనికుడు దాన్ని పట్టుకొస్తాడు. మొదటి కోరిక డబ్బు. ఆ డబ్బు ఎలా వస్తుందో చదవండి, చెప్పను. ఆ తర్వాత రాత్రి వీధి తలుపు మీద చప్పుడు. తల్లి గొళ్లెం తియ్యడానికి పరిగెడుతుంది, తండ్రి నేలమీద పాకుతూ ఆ కోతి చెయ్యి కోసం వెతుకుతుంటాడు. తలుపవతల ఎవరున్నారో రచయిత ఒక్కసారి కూడా చూపించడు. ఎప్పుడు చదివినా నాకు ఆ గొళ్లెం చప్పుడే వినిపిస్తుంది.

పెద్దది ఒక్కటే చదవగలిగితే "డ్రాకులా" (1897). బ్రామ్ స్టోకర్ దాన్ని డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాముల రూపంలో రాశాడు, కాబట్టి రోజుకి రెండు మూడు కాగితాలు చదివినా తెగదు. మొదటి నాలుగు అధ్యాయాలు, కోటలో చిక్కుకున్న కుర్ర లాయరు డైరీ, అన్నిటికన్నా బాగుంటాయి. దాన్ని అనుమతి లేకుండా జర్మనీలో "నోస్ఫెరాటు" (1922)గా తీస్తే స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ ధ్వంసం చెయ్యాలని తీర్పు వచ్చింది. ఎక్కడో మిగిలిన కాపీల వల్ల ఇవాళ మనం చూడగలుగుతున్నాం. మాటలు లేని సినిమా కాబట్టి భాష ఇబ్బంది కూడా లేదు.

"హాలోవీన్" అనే సినిమాయే ఉందట కదా?

ఉంది, 1978లో జాన్ కార్పెంటర్ తీశాడు. మూడు లక్షల డాలర్ల చిల్లర ఖర్చుతో. హంతకుడి ముసుగు అప్పటికే బజార్లో దొరుకుతున్న స్టార్ ట్రెక్ కెప్టెన్ కర్క్ ముసుగు. దానికి తెల్లరంగు పూసి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేశారు. కథ శరదృతువులో, షూటింగ్ కాలిఫోర్నియా వసంతంలో. అందుకని ఎండుటాకులకి రంగు వేసి వీధిలో చల్లి, సీను అయ్యాక ఏరుకుని మళ్లీ వాడారు.

ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చేది సంగీతం, కార్పెంటరే కట్టాడు. పియానో మీద ఒకే చిన్న స్వరం ఐదు దెబ్బల లెక్కలో తిరుగుతుంటుంది. మామూలు పాట నాలుగుకి పడుతుంది కదా, ఇది ఐదుకి పడేసరికి కాలు తడబడినట్టు ఉంటుంది. విజయనగరం సంగీత కళాశాల వీధిలో పెరిగినవాళ్లు వింటూనే ఖండచాపు అంటారు. వేళ్లతో లెక్కపెట్టుకుంటూ చూడండి, భయం కాస్త తగ్గుతుంది కూడా.

మిగతావి గబగబా. "సైకో" (1960), దానికి ముందు ఎవరైనా కథ చెప్పేస్తానంటే నోరు మూయించండి. "ది ఎక్సార్సిస్ట్" (1973), గుండె జబ్బున్నవాళ్లకి వద్దు. "ది సిక్స్త్ సెన్స్" (1999), తీసిన మనోజ్ నైట్ శ్యామలన్ పుట్టింది మాహేలో, మన యానాం ఉన్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే. జపాన్ "రింగు" (1998), ఒక వీడియో క్యాసెట్ చూస్తే వారంలో చస్తారన్నది కథ. డెక్కు అద్దెకి తెచ్చుకుని రాత్రంతా సినిమాలు చూసిన మా తరానికి అది బాగా ఎక్కింది. క్యాసెట్ అంటే తెలియని పిల్లలు మాత్రం ఆవలిస్తారు.

తుఫానొచ్చి కరెంటు పోతే ఏం చెయ్యాలి?

ఇది అక్టోబరులో మనకే వచ్చే ప్రశ్న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు పడిపోయి రోజుల తరబడి చీకటే. హెచ్చరిక నిజంగా ఉంటే సినిమాల సంగతి మర్చిపోండి. ఫోను ఛార్జింగ్ కబురు చెప్పడానికి దాచుకోవాలి, రెండు మూడు బిందెల మంచినీళ్లు పట్టి పెట్టుకోవాలి.

ఉత్త వానకి కరెంటు పోయిన రాత్రయితే పుస్తకం తియ్యండి. ఒకరు చదవడం, మిగతావాళ్లు వినడం. చదివేవాళ్ల దగ్గర ఒక్కటే లైటు ఉండాలి, అదీ పుస్తకం మీద పడాలి, మొహం మీద కాదు. గొంతు పెంచి భయపెట్టాలని చూడొద్దు, మామూలుగా, కొంచెం నెమ్మదిగా చదవాలి. ఇంట్లో మామ్మ ఉంటే పుస్తకం కూడా అక్కర్లేదు. 90ల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజుల గురించి అడగండి. మీ వీధిలో ముందు ఎవరు రాశారు, ఎర్ర రంగుతోనా పసుపుతోనా, ఎవరు భయపడలేదని గొప్పలు చెప్పి రాత్రి వచ్చి రాసుకున్నారు, అవన్నీ బయటికొస్తాయి.

టీవీలో చూస్తే థియేటర్లో ఉన్నంత భయం రావడం లేదు. ఎందుకు?

సౌండ్. సగం భయం చెవుల్లోంచి వస్తుంది. చాలా టీవీల్లో స్పీకర్లు కిందికో, వెనక గోడవైపుకో తిరిగి ఉంటాయి, చిన్న చప్పుళ్లు సరిగా వినిపించవు. హెడ్‌ఫోన్ పెట్టుకోండి, లేదా చిన్న సౌండ్‌బార్ చాలు. రెండోది, టీవీలో మోషన్ స్మూతింగ్ లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఏ సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది. ఆపేసి, పిక్చర్ మోడ్ సినిమాకి పెట్టండి. మూడోది, మధ్యలో ఆపకండి. ఫోను పక్కగదిలో పెట్టాలి. ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో నెల నెలా మారిపోతుంటుంది, కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

బొబ్బిలి కోటలో, పాత శ్మశానాల్లో రాత్రిపూట తిరిగితే బాగుంటుందా?

వద్దు. పాములు, పాడుబడ్డ గోడలు, నిద్రపోయే ఊరివాళ్లు, ఈ మూడూ చాలు కారణాలకి. బొబ్బిలి గురించి చదవండి, చాలు. 1757 జనవరి 24న విజయనగరం రాజు, ఫ్రెంచి బుస్సీ సేనలు కోట మీద పడ్డాయి. ఓటమి ఖాయమయ్యాక లోపల ఆడవాళ్లని, పిల్లల్ని తమవాళ్లే చంపుకున్నారు. తాండ్ర పాపారాయుడు ఆ తర్వాత విజయరామరాజుని గుడారంలోనే పొడిచి చంపాడు. ఆ రాజుగారి చెల్లెలే పైడితల్లమ్మ అని, పెద్దచెరువులో దొరికిన విగ్రహమే గుడిలో ఉందని విజయనగరంలో చెప్పుకుంటారు. అక్కడికి వెళ్లి దెయ్యాల వీడియోలు తియ్యడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

ఒక్క రాత్రే తీరిక. వరస చెప్పండి.

సాయంత్రం ఆరున్నరకి పిల్లలతో "పాతాళ భైరవి", మొదటి సగం చాలు. తొమ్మిదికి వాళ్లని పడుకోబెట్టి, పెద్దవాళ్లు "మంకీస్ పా" పైకి చదువుకోండి. పదింటికి "రాత్రి". అది అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. ఇంకా ధైర్యం ఉన్నవాళ్లు "మసూద" పెట్టుకోవచ్చు, లేనివాళ్లు "ఆనందో బ్రహ్మ" పెట్టుకుని నవ్వుతూ పడుకోవచ్చు. తినడానికి వేయించిన పలాస జీడిపప్పు పెట్టుకోండి, కరకరలాడే జంతికలు మాత్రం వద్దు, పక్కవాళ్లకి సౌండ్ వినిపించదు.

చూశాక నిద్ర పట్టకపోతే?

వంటింట్లో లైటు వేసుకుని కాసిన్ని మజ్జిగ తాగండి. "ఎక్కడికి పోతావు చిన్నవాడా" పాటలేవైనా పెట్టుకోవచ్చు. దెయ్యం సినిమాయే అయినా దాన్ని చూసి భయపడినవాళ్లని నేనింకా చూడలేదు.

మీ పుస్తకాలు అరువిస్తారా?

చందమామలు తప్ప ఏవైనా ఇస్తాను. "తులసీదళం" కావాలంటే ముందు చెప్పండి, ఇప్పుడు అది మా వదిన దగ్గర టెక్కలిలో ఉంది. ఆవిడ పగలు మాత్రమే చదువుతుంది కాబట్టి ఇంకా కొన్ని రోజులు పడుతుంది.